చిట్టెమ్మలంక విదేశమైన వైనం

నలోవా దేశం నుంచి వచ్చిన ఉత్తరంలో ఉన్నవి నాలుగు వాక్యాలు. తమది పసిఫిక్ సముద్రంలో పదకొండు వేల మంది ఉన్న ద్వీపదేశం. తమ బడికి ఒక ఇంగ్లిష్ టీచరు కావాలి. ఉద్యోగం పర్మనెంటు. వచ్చేవారికి చిన్న ద్వీపంలో ఉండటానికి అభ్యంతరం లేకపోతే చాలు.

ఆ ఉత్తరం విజయవాడలో ఉన్న విదేశీ బోధనోపాధి సంస్థకి చేరింది. సంస్థ పెట్టి ఆరేళ్లయింది. ఈ ఆరేళ్లలో ఎవరినీ ఏ దేశానికీ పంపలేదు. అంచేత ఈ ఉత్తరాన్ని జాగ్రత్తగా చదివారు. నాలుగో వాక్యం మీద మూడు సమావేశాలు జరిగాయి. అభ్యంతరం లేదని అభ్యర్థి నోటితో చెబితే సరిపోతుందా, రుజువు ఉండాలా అన్నది చర్చ. ఉండాలని తేలింది. నోటిఫికేషన్ వెలువడేసరికి ఆ వాక్యం ఇలా తయారైంది: "అభ్యర్థి మారుమూల ద్వీపమునందు కనీసం నూట ఎనభై దినములు ఆంగ్లము బోధించిన అనుభవము కలిగియుండవలెను."

మూడువేల నూట నలభై మంది దరఖాస్తు పెట్టారు. ఒక్కరికీ ఆ అనుభవం లేదు. ఒకాయన అండమాన్‌లో నాలుగేళ్లు ఉన్నాడు గానీ అక్కడ హోటల్ నడిపాడు.

రాతపరీక్షలో మొదటి ర్యాంకు కాకినాడకి చెందిన నేలపూడి సువార్తది. వయసు ముప్పై నాలుగేళ్ల నాలుగు నెలలు. నియామకం నాటికి ముప్పై అయిదు దాటకూడదని నిబంధన. పదకొండేళ్లలో ఆమె ఏడు ప్రైవేటు బడుల్లో ఇంగ్లిష్ చెప్పింది. ఏడూ మూతపడ్డాయి. ఒకటి ఫంక్షన్ హాలయింది. ఒకటి చెప్పుల షోరూమయింది. ఒకటి భాగస్తుల తగాదాలో రెండయి, రెండూ మూతపడ్డాయి. ఆ రెండింట్లోనూ ఆమె పనిచేసింది. ఆమెకి కావలసింది విదేశం కాదు. మూతపడని బడి. అది నలోవాలో ఉందంటే నలోవాకి వెళ్లడానికి సిద్ధపడింది.

ఇంటర్వ్యూలో జాయింట్ డైరెక్టర్ ముక్కామల హరగోపాల్ ఆమె సర్టిఫికెట్లన్నీ చూశాడు. చూసి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ప్రతిభ ఉంది. అనుభవం లేదు. అంటే ద్వీపానుభవం."

"ద్వీపానికి వెళితే వస్తుంది కదండీ."

"అనుభవం లేనిదే ద్వీపానికి పంపజాలం. ద్వీపానికి వెళ్లనిదే అనుభవం రాజాలదు. ఇది మా దృష్టికి వచ్చింది. అందుచేత ప్రభుత్వం ద్వీపాన్నే మీ వద్దకు తీసుకొస్తోంది."

సువార్త తల ఊపింది. ఇంటర్వ్యూల్లో ఏమీ అనకపోవడం ఆమె పదకొండేళ్లుగా నేర్చుకున్న విద్య.

హరగోపాల్ జీవో కాపీ అందించాడు. గోదావరి పాయ మధ్యలో ఉన్న చిట్టెమ్మలంక అనే గ్రామాన్ని 'పసిఫిక్ ద్వీపానుభవ కేంద్రం'గా ప్రకటిస్తున్నట్టు, అది అన్ని విధాలా నలోవాతో సమానమనీ అక్కడి పరిస్థితులను యథాతథంగా పాటించాలనీ అందులో ఉంది. జనాభా నాలుగు వందల పన్నెండు. నాలుగు పక్కలా నీళ్లు. బడి ఉంది. బడిలో ఇంగ్లిష్ పోస్టు ఆరేళ్లుగా ఖాళీ.

"ఆ పోస్టులోనే నన్ను వేస్తారాండీ?"

"ఆ పోస్టు వేరే శాఖది. దానికి వేరే నోటిఫికేషన్ రావాలి. మీరు అందులో ఉండరు. ఆ గదిలో ఉంటారు."

*

రేవులో నావ నడిపే పెసింగి అమ్మిరాజు ఆమె పెట్టె అందుకుని అడిగాడు. "మీరేనాండీ ఆ పసిఫిక్ టీచరుగారు?"

"నేనేనండి."

"కూకోండమ్మా. సముద్రం దాటాలంటే తొమ్మిది నిమిషాలు పడద్దండి."

రేవు అవతలి గట్టున బస్సు హారను లంక మధ్యదాకా వినిపిస్తుంది. ఇది సంస్థని ఇబ్బంది పెట్టింది. మొదటి వారంలోనే తనిఖీకి వచ్చిన పర్యవేక్షకుడు, మారుమూలతనం తగినంత లేదని నివేదిక రాశాడు. అసలు నలోవా ఎంత మారుమూల అన్న ప్రశ్న వచ్చింది. సంస్థ గ్రంథాలయంలో ఆ దేశం గురించి ఉన్నది ఒకే పుస్తకం, అచ్చయి అరవై ఏళ్లయింది. అందులో నలోవాకి స్టీమరు ఎనిమిది రోజులకోసారి వస్తుందని ఉంది. పదిహేను రోజుల్లో మెమో వచ్చింది: "సదరు ద్వీపమునకు నావ ఎనిమిది దినములకు ఒక పర్యాయము మాత్రమే నడుపబడును."

అదే పుస్తకంలో టెలిఫోను ప్రస్తావన లేదు. అంచేత సెల్ టవరు ఆపేశారు.

అమ్మిరాజు మెమో చేత్తో పట్టుకుని సువార్త దగ్గరికి వచ్చాడు. "ఏవండీ టీచరుగారూ, రోజుకి పద్నాలుగు ట్రిప్పులేసే నావండి ఇది. పాలు పోవాలి, అరటిగెలలు పోవాలి, పురుళ్లకి పోవాలి. ఎనిమిది రోజులకోసారంటే పాలు పెరుగై, పెరుగు మజ్జిగై పోవాలాండీ?"

"నేను రాయమంటారా?"

"రాయండి. మా వంతెన గురించి మేం ఇరవై రెండేళ్లు రాసేం. కిందటేడే కొలతలకొచ్చేరు."

ఆమె రాసింది. జవాబు వచ్చింది. నావ గురించి అందులో ఏమీ లేదు. వంతెన గురించి ఉంది: "వంతెన నిర్మించినచో ద్వీపము ద్వీపము కాకుండా పోవును గనుక సంబంధిత ఫైలు మూసివేయడమైనది."

ఆ కాగితాన్ని సువార్త ఎవరికీ చూపించకూడదనుకుంది. చూపించకపోయినా సాయంత్రానికి అందరికీ తెలిసింది. ఆమె అద్దెకున్న ఇంటి యజమానురాలు వెంకాయమ్మ అన్నం పెడుతూ, "నీ తప్పేవుందే అమ్మాయి. నువ్వు రాపోయినా కట్టేవోరు కాదు. ఇప్పుడు కారణం దొరికింది, అంతే," అంది. పప్పు మాత్రం గరిటెడు తక్కువ వేసింది.

*

మూడో నెలలో భాష మీద దృష్టి పడింది. విదేశంలో విద్యార్థులకి తెలుగు రాదు గదా అని ఎవరో అన్నారు. మెమో వచ్చింది: "ద్వీపవాసులు శిక్షణార్థి సమక్షమున తెలుగు మాట్లాడరాదు. శిక్షణార్థి తెలుగు మాట్లాడినను అర్థము చేసికొనరాదు." దానికి అనుబంధంగా నలోవా భాషలో పదకొండు మాటలు పంపారు. అందులో నాలుగు చేపల పేర్లు.

తనిఖీ చేసే పర్యవేక్షకుడు నావ మీదే రావాలి. నావ ఎనిమిది రోజులకోసారే వస్తుంది. అంచేత లంకలో ఏడు రోజులు తెలుగు, ఒక రోజు నలోవా. ఆ ఎనిమిదో రోజున నాలుగు వందల పన్నెండు మందీ పదకొండు మాటలతో సరిపెట్టుకునేవారు. వెంకాయమ్మ పర్యవేక్షకుడికి ఎదురై, రెండు చేపల పేర్లు చెప్పి, చేయి ఊపి వెళ్లిపోయేది. ఆయన పుస్తకంలో 'సంతృప్తికరం' అని రాసుకునేవాడు.

బడిలో సంగతి వేరు. ఇరవై ఏడుమంది పిల్లలు ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో ఉన్నారు. ఎనిమిదో రోజున వాళ్లు తెలుగు మాట్లాడకూడదు, నలోవా మాటలు అయిపోయాయి, మిగిలింది ఇంగ్లిషొకటే. పర్యవేక్షకుడు ఇంగ్లిష్‌లో ప్రశ్నలు వేసేవాడు. సమాధానం చెప్పకపోతే పిల్లలతోపాటు టీచరుకీ మార్కులు పోతాయి. సువార్త ఏడు రోజులూ గట్టిగా చెప్పింది. ఆరేళ్లు ఇంగ్లిష్ టీచరు మొహం చూడని పిల్లలు గట్టిగా పట్టుకున్నారు. నాలుగో నెలకి ఎనిమిదో తరగతి శ్రీవల్లి పర్యవేక్షకుడితోనే, మీ ప్రశ్నలో టెన్సు తప్పు వచ్చిందండీ అని ఇంగ్లిష్‌లో అంది. ఆయన దాన్ని పుస్తకంలో రాసుకోలేదు.

ఈలోగా మిగతా శాఖలు మేలుకున్నాయి. చిట్టెమ్మలంక విదేశ సమానమని జీవో ఉన్నప్పుడు దాన్ని ఒక్క విద్యకే పరిమితం చేయడం ఎంతవరకు సబబని ఒక శాఖ ప్రశ్నించింది. రేవులో బల్ల వేసుకుని ఒక ఉద్యోగి కూర్చున్నాడు. అరటిగెలలు ఇకమీదట దిగుమతి. విదేశీ పురుగులు లేవని సర్టిఫికెట్ ఉంటేనే గట్టెక్కుతాయి.

"పురుగుంటే మీ గట్టునుంచే వచ్చుంటదండి," అన్నాడు అమ్మిరాజు. "పిలకలు మీ దగ్గరే కొన్నాం."

"అప్పుడవి ఎగుమతి. ఇప్పుడివి దిగుమతి," అన్నాడు ఉద్యోగి. "రెండూ కలపకు."

వెంకాయమ్మకి వితంతు పింఛను ఆగిపోయింది. కారణం ఉత్తరంలో వచ్చింది: "తమరు విదేశ సమాన ప్రాంతమున నివసించుచున్నందున." బతికే ఉన్నట్టు రాయబార కార్యాలయం నుంచి ధ్రువపత్రం తెస్తే పునరుద్ధరిస్తామని కూడా ఉంది.

సువార్త దాన్ని చదివి వినిపించింది. వెంకాయమ్మ రెండోసారి చదివించుకుంది.

"నేను అంబాజీపేట సంతకెళ్లి ఏడాదైంది. నన్ను విదేశం ఎప్పుడు పంపేరే?"

"మిమ్మల్ని పంపలేదండి. ఊరిని పంపేరు."

"అయితే నువ్వెప్పుడెళతావే అసలు దేశం?"

"ఇంకో అరవై ఎనిమిది రోజులకి."

"ఎల్లు తల్లీ. నువ్వెళితే మేం తిరిగొస్తాం," అంది వెంకాయమ్మ.

సువార్త ఉత్తరం మడిచి ఆమె చేతికిచ్చింది. తన తరవాత రెండో ర్యాంకు వాడు వస్తాడు. వాడి తరవాత మూడో ర్యాంకు. జాబితాలో మూడువేల నూట ముప్పై తొమ్మిది మంది ఉన్నారు. మనిషికి ఆరు నెలలు. ఈ లెక్క ఆమె వెంకాయమ్మకి చెప్పలేదు.

*

అయిదో నెలలో సిలబస్ ప్రకారం లేఖారచన పాఠం వచ్చింది. 'మీ విద్యామంత్రికి ఉత్తరం రాయండి' అన్నది అభ్యాసం. బడి గోడకి సంస్థ అంటించిన చార్టు ఉంది. 'మన విద్యామంత్రి' అన్న శీర్షిక కింద నలోవా విద్యామంత్రి ఫొటో, చిరునామా. పిల్లలు ఆ చిరునామాకే రాశారు. సువార్త ఇరవై ఏడు ఉత్తరాలూ దిద్దింది. స్పెల్లింగులు దిద్దింది గానీ విషయం దిద్దలేదు. దిద్దడానికి అందులో తప్పు లేదు.

శ్రీవల్లి ఇలా రాసింది: "అయ్యా, మేం మీ ద్వీపంలో ఉంటున్నాం. మాకు నావ ఎనిమిది రోజులకోసారి వస్తుంది. వంతెన కట్టాల్సింది, మీ వల్ల ఆగిపోయింది. మా నాయనమ్మ ఇక్కడే ఉంది. ఆవిడ పింఛను మాత్రం విదేశం వెళ్లింది. దయచేసి ఇద్దరినీ ఒకచోట ఉంచగలరు. మా ఇంగ్లిష్ టీచరు మంచివారు. ఆవిడ మీ కోసమే ఇక్కడికి వచ్చారు."

ఆ నాయనమ్మ వెంకాయమ్మే.

ఉత్తరాల కట్ట బల్ల మీద పెట్టి సువార్త భోజనానికి వెళ్లింది. వచ్చేసరికి లేదు. అది నావ రోజు. సాయంత్రం అమ్మిరాజు రేవునుంచి తిరిగొచ్చాక చెప్పాడు.

"పోస్టులో ఏసేసేనండి."

"అది పాఠమండీ! అభ్యాసం! పంపడానికి కాదు!"

"సిరునామా ఉందిగదండీ. సిరునామా ఉన్న కాయితం పోస్టులో ఎయ్యకపోతే తప్పుగదండీ."

"స్టాంపులు ఎవరిచ్చారు?"

అమ్మిరాజు నది వేపు చూశాడు. "లంకంతా ఏసుకున్నామండి," అన్నాడు.

ఆమె వారం రోజులు సరిగ్గా తినలేదు. విదేశీ చిరునామాలు చూసి పోస్టాఫీసు సంస్థకి కబురు చేసింది. ఎనిమిదో రోజు మెమో రానే వచ్చింది. అనుమతి లేకుండా విదేశీ ప్రభుత్వంతో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపినందుకు ఆమె అనుభవ ధ్రువపత్రాన్ని ఎందుకు నిలిపివేయరాదో సంజాయిషీ కోరారు. ఆమె రెండు పేజీలు రాసింది. ఆ ఉత్తరాలు రాసింది విదేశ సమానులైన ద్వీపవాసులనీ, వారు తమ మంత్రికి రాసుకోవడం విదేశీ వ్యవహారం కాదనీ వాదించింది. రాశాక చదువుకుంటే అది ఆ సంస్థలో ఎవరో రాసినట్టే ఉంది. ఆమెకి భయం వేసింది.

*

నూట డెబ్బై ఆరో రోజున నావలోంచి నలోవా విద్యాశాఖ కార్యదర్శి తెవీటా పిల్లల ఉత్తరాల కట్టతో దిగాడు. భారీ మనిషి. అమ్మిరాజు ఆయన్ని నావ మధ్యలో కూర్చోబెట్టి, పర్యవేక్షకుడిని ఒక చివరా హరగోపాల్‌ని ఒక చివరా బరువుకి సర్దాడు.

బడి వరండాలో బ్యానరు కట్టారు. హరగోపాల్ లేచి ఇంగ్లిష్‌లో మాట్లాడాడు. మీ దేశంలో నెలకొన్న సమస్త అసౌకర్యాలనూ ఇక్కడ యథాతథంగా కల్పించామని, ఏ ఒక్క కష్టాన్నీ విస్మరించలేదని, లోపాలుంటే సూచించాలని కోరాడు.

తెవీటా వినయంగా విన్నాడు. ఒకటి రెండు సందేహాలు అడిగాడు.

"ఎనిమిది రోజులకోసారి నావ ఎందుకు?"

"తమ దేశంలో అంతే గదండీ."

"మా తాతగారి రోజుల్లో. ఇప్పుడు రోజూ ఉంది. ఫోను ఎందుకు పనిచేయదు?"

"తమ దేశంలో..."

"మాకు పనిచేస్తుంది," అన్నాడు తెవీటా. జేబులోంచి ఫోను తీసి చూశాడు. మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "అక్కడ."

తరవాత ఆయన తరగతి గదిలోకి వెళ్లి పిల్లలతో గంటసేపు మాట్లాడాడు. పిల్లలు నలోవాలో ఏం తింటారని అడిగారు. చేపల పేర్లు చెప్పారు. ఆయన నవ్వాడు, నవ్వి, ఆ నాలుగు పేర్లలో మూడు పక్క దేశానివని చెప్పాడు. వెంకాయమ్మ తన పింఛను ఉత్తరం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. రాయబార కార్యాలయం కావాలన్నారు, రాయబారి వచ్చాడు, సంతకం పెట్టమనండి అంది. శ్రీవల్లి దాన్ని ఇంగ్లిష్‌లోకి మార్చి చెప్పింది. తెవీటా కాగితం వెనక, ఈమె బతికే ఉన్నారు, నాతో గట్టిగానే మాట్లాడారు అని రాసి సంతకం పెట్టాడు.

బయటికి వచ్చి హరగోపాల్‌తో అన్నాడు. "మేం టీచరు కావాలని అడిగాం. ఆ అభ్యర్థన ఉపసంహరించుకుంటున్నాం. మా పిల్లలకి ఇంకో టీచరు దొరుకుతారు. ఈ పిల్లల దగ్గర్నించి ఈవిడని తీసుకువెళ్లడం న్యాయం కాదు."

హరగోపాల్ బ్యానరు కేసి చూశాడు. ఆరేళ్లకి వచ్చిన ఒక్క ఉద్యోగం పోయింది. సువార్త గుమ్మంలో నిలబడి ఉంది. ఇంటర్వ్యూల్లో ఏమీ అనకూడదన్న విద్య ఆమెకి ఆ క్షణాన పనికిరాలేదు.

"అయ్యా," అంది. "ఇంకో పదమూడు రోజుల్లో నాకు ముప్పై అయిదు నిండుతాయి. ఇప్పటికి ఏడు బడులు నేనుండగానే మూసేశారు. ఇక్కడ నాకు పోస్టు లేదు, గది మాత్రమే ఉంది. మీరు దయతలచి వదిలేస్తే పిల్లలకీ నేను దక్కను, నాకూ బడి దక్కదు. న్యాయం మీరు ఎవరికి చేస్తున్నారో ఒకసారి చూడండి."

తెవీటా గుమ్మంలోంచి పిల్లల్ని చూశాడు. "ఈ ద్వీపం మా దేశంతో సమానమని మీ ఉత్తర్వు ఉందా?" అని హరగోపాల్‌ని అడిగాడు.

"ఉంది. గెజిట్‌లో ప్రచురించాం."

"కాపీ ఇవ్వండి," అన్నాడు తెవీటా.

*

నలోవా నలభై ఏళ్లుగా పద్నాలుగు దేశాలనుంచి సాయం తీసుకుంటోంది. తాను ఎవరికీ ఎప్పుడూ సాయం చేయలేదు. చేసే అవకాశం వచ్చిందని తెవీటా చెప్పగానే ఆ మంత్రివర్గం లేచి నిలబడిందట. పదకొండో రోజున ఉత్తర్వు వచ్చింది. నేలపూడి సువార్తని నలోవా ప్రభుత్వంలో శాశ్వత ఇంగ్లిష్ టీచరుగా నియమించారు. పోస్టింగ్: చిట్టెమ్మలంక. దాంతో పాటు రెండు షరతులు. నలోవా చట్టం ప్రకారం బడి ఉన్న ప్రతి ద్వీపానికీ పొద్దుటినుంచి సాయంత్రం దాకా నావ తిరగాలి. ఫోను పనిచేయాలి.

హరగోపాల్ రెండుసార్లు చదివాడు. నలోవా పరిస్థితులను యథాతథంగా పాటించాలన్నది ఆయన జీవోయే. పాటించాడు. అమ్మిరాజు నావ పద్నాలుగు ట్రిప్పులకి తిరిగొచ్చింది. అరటిగెలలు మాత్రం ఇంకా దిగుమతులే. ఆ శాఖ వేరు.

విదేశీ బోధనోపాధి సంస్థ చరిత్రలో ఇది మొదటి నియామకం. ఘనంగా చేయాలని నిర్ణయించారు. సువార్తని కాకినాడ పంపించి, అక్కణ్నుంచి కారులో రేవుకి తీసుకొచ్చారు. సన్నాయి పెట్టారు. దండ వేశారు. ఆమె ముప్పై అయిదో పుట్టినరోజుకి ఇంకా ఒక రోజుంది.

"పరాయి దేశానికి వెళుతున్నావమ్మా," అన్నాడు హరగోపాల్ మైకులో. నిజంగానే కళ్లు తుడుచుకున్నాడు. "ఎంత దూరాన ఉన్నా మన భాషనీ మన తిండినీ మరువవద్దు. వీలు చిక్కినప్పుడు మాతృభూమికి వచ్చిపో."

అవతలి గట్టున వెంకాయమ్మ, పిల్లలు నిలబడి ఉండటం ఇవతలి గట్టుకి కనిపిస్తూనే ఉంది. శ్రీవల్లి ఏదో అరుస్తోంది. అది కూడా వినిపిస్తోంది. తొందరగా రమ్మంటోంది.

నావ కదిలింది. సువార్త దండ తీసి ఒళ్లో పెట్టుకుని నియామకపత్రం విప్పింది. చివరి పేజీలో చిన్న అక్షరాల్లో ఒక నిబంధన ఉంది. దాన్ని చదివింది. మళ్లీ చదివింది.

"ఏటుందండీ?" అన్నాడు అమ్మిరాజు గెడ వేస్తూ.

"ఈ బడి మూసెయ్యాలంటే రెండు దేశాలూ ఒప్పుకోవాలట."

అమ్మిరాజు గెడ ఆపాడు.

"రెండు శాఖలు ఒప్పుకోడవే నేను పుట్టేక సూళ్లేదండి," అన్నాడు. "మీరింక సుబ్బరంగా పాఠం సెప్పుకోండమ్మా."